నిన్నటి గాలి

హైమ ఆఫీసులోకి కంగారుగా వచ్చింది. అంత కంగారులోనూ, డిటెక్టివ్ పరబ్రహ్మం కాఫీ తాగి పక్కన పెట్టిన గ్లాసును తనకు తెలియకుండానే మొదటున్న చోటికి జరిపింది. ఆమె సినిమాలకు కంటిన్యుటీ చూస్తుంది. నిన్నటి షాటులో ఏది ఎలా ఉందో ఇవాళ కూడా అలాగే ఉండేలా చూడటం ఆ ఉద్యోగం. ఆమె కన్నుపడితే పొరపాటు దాక్కోలేదని ఫిల్మ్‌నగర్‌లో చెప్పుకుంటారు.

తండ్రి వేంకటరమణ షూటింగులకు చిన్న విమానం నడిపే పైలట్. ఊరి బయట పాత ఎయిర్‌స్ట్రిప్‌లో, ఈదురుగాలిలో దిగుతుంటే విమానం బోల్తా పడింది. నడుం విరిగి ఆసుపత్రిలో పడి ఉన్నాడు. తాగి నడిపాడని, ఇద్దరూ పనిచేస్తున్న సినిమా తీసే జూబ్లీ హిల్స్ నిర్మాత వెంకటనర్సయ్య ఊరంతా చాటుతున్నాడు.

"నాన్న చుక్క ముట్టరండీ. కానీ అడిగితే తప్పు నాదే అంటున్నారు. ఆయనకి మిగిలింది ఆ పేరొక్కటే, దాన్ని కాపాడండి," అంది హైమ.

గురువుగారు చిటికెలో తేల్చేస్తారని అసిస్టెంటు మల్లికార్జున్ ధీమా. పరబ్రహ్మం గుమ్మంలోకొస్తే నేరస్థుడికి చెమటలు పడతాయని అతని నమ్మకం.

ఆసుపత్రిలో వేంకటరమణ రెండు ముక్కలే చెప్పాడు. విమానం గాలికి ఎదురుగా దిగాలి, తను గాలి వెంట దిగాడు, అంతే. గాలి ఎటుందో దేన్ని చూసి తెలుసుకున్నారని అడిగితే గోడవైపు తిరిగిపోయాడు. వాళ్ళు లేచాక మాత్రం, అమ్మాయి అన్నం తింటోందా అని అడిగాడు.

ఎయిర్‌స్ట్రిప్‌లో స్తంభం మీద గాలిసంచి ఎగురుతోంది. గాలి ఎటు వీస్తే అటు తిరిగే గుడ్డగొట్టం అది. పైలట్‌కు పైనుంచి కనిపించే గుర్తు అదొక్కటే. స్తంభం మొదట్లో తెగిన తీగముక్క దొరికితే పరబ్రహ్మం జేబులో వేసుకున్నాడు. సాయంత్రం, ప్రమాదం జరిగిన రోజు తీసిన షాటును మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశాడు.

"ఏం కనపడిందోయ్?"

"హీరోయిన్ పైట అందంగా ఎగురుతోంది సార్."

"ఎటు ఎగురుతోంది?"

మల్లికార్జున్ పైటనే చూశాడు గానీ దాని దిక్కు చూడలేదు. సిగ్గుపడి షాటు మళ్ళీ వేయించాడు. గురువుగారి మొహంలో ఎప్పుడూ ఉండే హుషారు లేకపోవడం అతనికి వింతగా తోచింది.

మర్నాడు ప్రివ్యూ థియేటర్‌కు అందరూ వచ్చారు. నిర్మాత, డైరెక్టరు, ఆర్టు విభాగంలో పనిచేసే ఓదెలు, ముందు వరసలో హైమ. బొమ్మ తెర మీద ఆగింది.

"పైట ఎడమకి ఎగురుతోంది. వెనకాల గాలిసంచి కుడికి నిలబడింది. ఒకే గాలి రెండు దిక్కులకీ వీయదు," అని పరబ్రహ్మం తీగముక్క పైకెత్తాడు. "దాన్ని కట్టేశారు. వేంకటరమణ గారు నమ్మింది అదే."

ఓదెలు లేచాడు. "నేనే కట్టిన సారూ. మొదటిరోజు షాటుల గాలిసంచి కుడిదిక్కు ఉండె, తెల్లారి గాలి మళ్లింది. షాటు కలవదన్నరు. లోపట తీగ పెట్టి బిగించిన. అయినంక ఇప్పుదామనుకున్న, గంతల గాలికి సెట్టు కూలవట్టె, అటు ఉరికిన. ఇప్పేసరికే విమానం పడ్డది."

"షాటు కలవదని ఎవరన్నారు?" అని నిర్మాత గద్దించాడు.

"గది అడగకున్రి సారూ."

పరబ్రహ్మం హైమ వైపు చూడకుండా తీగముక్కను జేబులో వేసుకున్నాడు. ఆ అన్నది ఎవరో అతనికి ముందే తెలుసు. ఆ సంగతి మల్లికార్జున్‌కు అప్పుడు అర్థమైంది.

హైమ తెరనే చూస్తోంది. "నేనే అన్నాను," అంది. "పైలట్ కూతుర్ని, గాలిసంచి ఎందుకో నాకు తెలుసు. కానీ సెట్టులో అది నాకు ఫ్రేములో వస్తువులాగే కనపడింది. పైట కూడా ఎటుందో నేను చూడలేదు."

తాగుడు మాట వెనక్కి తీసుకుంటానని, ఈ సంగతి గది దాటనివ్వనని వెంకటనర్సయ్య అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ప్రమాదం రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయించమంది.

ఆసుపత్రిలో తండ్రి మంచం పక్కన హైమ తలదించుకుని కూర్చుంటే, వేంకటరమణ పరబ్రహ్మం వైపు చూశాడు. కోపం చేసుకునే ఓపిక కూడా ఆయనకు లేదు.

"పడ్డాక చూశానండీ. దుమ్ము ఒకవైపు పోతోంది, సంచి ఇంకోవైపు బిగుసుకునుంది. అలా కట్టించే కన్ను ఆ యూనిట్లో ఒక్కటే. నేనెలాగూ ఇక ఎగరలేను. నా పేరు పోతే పోయింది, దీని పేరైనా మిగలాలనుకున్నాను."

పేరు కాపాడమని కూతురు ఇచ్చిన అడ్వాన్సు పరబ్రహ్మం జేబులోనే ఉంది. తీసి మంచం మీద పెట్టబోయాడు, చెయ్యి రాలేదు. మల్లికార్జున్ గురువుగారి మొహంలోకి చూడలేక కిటికీవైపు తిరిగాడు.