ఆరో నంబరు మీద జగదీశ్వరి

మా సైకిల్ షాపు ముందు ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక చేతికర్ర దిగింది. తర్వాత ఒక కాలు, ఆ తర్వాత మనిషి. చివరికి ఆటోవాడు ఒక పెద్ద అట్టపెట్టె దించి నా కాళ్ల దగ్గర పడేశాడు.

"దీన్ని నా సైకిల్‌కి బిగించాలండి," అంది ఆమె.

రాజాంలో ఇరవై రెండేళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నాను. ఊరంతా బైకులెక్కి నన్ను మరిచిపోయింది. ఇప్పుడు నా దగ్గరికొచ్చేది పాలవాళ్లు, బడిపిల్లలు, డాక్టరు బెదిరిస్తే తప్ప సైకిలెక్కని పెద్దమనుషులు. ఈవిడ మూడో రకం అనుకుని పెట్టె విప్పాను. మడిచే ఇనుప స్టాండు, దాని మధ్య ఒక రోలరు, పక్కన ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్న చిన్న మీట.

"ఇదేటండి?"

"ట్రైనర్. ఎనక చక్రం ఈ రోలరు మీద ఆనించి, ఇంట్లోనే తొక్కాలి."

"తొక్కితే ఎక్కడికెల్తారు?"

"ఎక్కడికీ ఎల్లను."

"మరి దానికి సైకిలెందుకండి? కుర్చీలో కూకుంటే సరిపోద్ది కదా."

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"ఎనిమిది నెల్లు కుర్చీలోనే కూకున్నాను. ఇంక కూకోలేక దీన్ని తెచ్చుకున్నాను. మీకు బిగించడం వస్తాదా, రాదా? రాదంటే సెప్పండి, పాలకొండ ఎల్తాను."

ఇరవై రెండేళ్లలో ఈ గిరిబాబు నోరు మూయించిన మొదటి కస్టమరు ఆమే.

పేరు జగదీశ్వరి. రాజాం పక్క పల్లెలో పోస్టాఫీసు ఆమెది. ఉత్తరాల సంచి తగిలించుకుని సైకిల్ మీద మూడూళ్లు తిరిగేది. పోయిన వానాకాలంలో ఒక లారీ వెనక నుంచి తోసేసింది. కుడికాల్లో రాడ్డు వేశారు. సెలవు ఇంకా నలభై రోజులుంది. ఆ తర్వాత రోజుకి పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కాలి, లేదంటే ఆ పని వదులుకోవాలి.

"రోడ్డు మీదే అలవాటు సేసుకోవచ్చు కదండీ," అన్నాను, ఈసారి మర్యాదగా.

"ఎనకాల ఏ బండి సప్పుడు విన్నా సేతులు వణుకుతాయండి. అందుకని ముందు కాలు సంగతి సూస్తాను. గుండె సంగతి తర్వాత."

*

ఆ ట్రైనరు మన సైకిళ్ల కోసం పుట్టింది కాదు. దాని కొక్కేలు జగదీశ్వరి సైకిల్ వెనక నట్లని పట్టుకోలేదు. కాగితం మీద ఉన్నదంతా ఇంగ్లీషు. నా చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది. ఆమె డిగ్రీ. వాళ్ల వరండాలో ఆమె కుర్చీలో కూర్చుని చదివి చెప్పేది, నేను నేల మీద కూర్చుని బిగించేవాణ్ని.

"టైరుని రోలరు ముట్టుకునేదాకా తిప్పి, ఇంకో రెండు సుట్లు బిగించాలంట."

"రెండున్నర తిప్పితే?"

"కాగితంలో రెండే ఉన్నాయి."

"కాగితం రాసినోడు మన రాజాం టైరు సూసుండడు."

ఆమెకి నవ్వు వచ్చింది కానీ దాచుకుంది. లేతు మిషను గంగులు చేత రెండు గుండ్రటి నట్లు చేయించాను. గళ్ల టైరు తీసేసి నున్నటిది వేశాను. ముందు చక్రం కింద పీట పెట్టి ఎత్తు సరిచేశాను. ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టించాను. కదలని సైకిల్‌కి ఎదురుగాలి ఉండదు, గాలి లేకపోతే ఒంట్లో వేడి దిగదు. ఇది కూడా కాగితంలోదే.

ఆమె ఎక్కబోతుంటే వాళ్ల నాన్న అప్పలనరసింహం గారు అడ్డొచ్చారు. జీవితమంతా శ్రీముఖలింగం గుళ్లో సన్నాయి వాయించిన మనిషి.

"ఇంట్లోకి ఇనప వస్తువొచ్చినాది. పూజ సెయ్యకుండా ఎక్కీస్తావేటమ్మీ?"

పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అయ్యాయి. చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. "ఊఁ, ముందుకి నడిపించు."

"నాన్నా, ఇది నడవదు."

పెద్దాయన ఆలోచనలో పడ్డారు. పక్కింటి గున్నమ్మ గోడ మీద నుంచి మెడ చాపింది. "నిమ్మకాయ తొక్కని బండెక్కితే మంచిది కాదొలే," అంది. అందరూ నా వైపు చూశారు. మెకానిక్‌ని కదా, పౌరుషం వచ్చింది. నిమ్మకాయ తీసి టైరుకీ రోలరుకీ మధ్య దూర్చాను.

"ఇప్పుడు తొక్కండి."

తొక్కింది. నిమ్మకాయ పగిలి, రోలరు తడిసి, మిగతా రసం సూటిగా వెళ్లి గున్నమ్మ ముఖాన పడింది.

"ఒలమ్మ, నా కళ్లో," అని గున్నమ్మ గోడ వెనక మాయమైంది. జగదీశ్వరి హ్యాండిల్ మీద వాలిపోయి నవ్వింది. ఆపుకుందామని చూసి ఆపుకోలేక, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు చూస్తూ నిలబడిపోయాను. ఆ రోలరు తుడవాలన్న మాట నాకు తట్టలేదు.

*

ఐదు నిమిషాలు మెల్లగా తొక్కాలి. తర్వాత ఒక నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు తేలిగ్గా. అలా ఆరు సార్లు. కాలు ఒప్పుకున్నాక మీట ఒక అంకె పైకి జరపాలి. అంకె పెరిగేకొద్దీ పెడలు బరువెక్కుతుంది.

టైరులో గాలి చూడాలన్న వంకతో రోజూ ఏడింటికి అక్కడుండేవాణ్ని.

మూడో రోజుకి రెండో నంబరు. ఆరో రోజుకి నాలుగు. పదో రోజున మీట ఆరు మీద ఉంది.

"ఒలే అమ్మీ, ఎంత దూరమెల్నావు? ఇంకా ఇంటికాడే ఉన్నావేటి?" అనేది గోడ వెనక గున్నమ్మ.

"నువ్వూ రా పిన్నీ, ఎనక కేరేజీ మీద కూకో. భావనపాడు బీచికి తీసికెల్తాను."

నాతో మాత్రం మెల్లగా అంది. "ఆరో నంబరండి. డాక్టరు కూడా నమ్మడు. అంతా మీ బిగింపు మహిమ."

ఆ రోజు షాపులో పంక్చరుకొచ్చిన పాలవాడితో సైతం నవ్వుతూ మాట్లాడాను. వాడు భయపడి తొందరగా వెళ్లిపోయాడు.

పన్నెండో రోజు ఆమె తొక్కడం ముగించి లోపలికి వెళ్లింది. ఎందుకో టైరు మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది.

అరగంట రోలరు మీద రాసుకున్న టైరు చెయ్యి కాలేంత వేడెక్కాలి. నా వేళ్లకి జిడ్డు అంటింది. కొబ్బరినూనె వాసన. మీట ఆరు మీదే ఉంచి చక్రం చేత్తో తిప్పాను. చక్రం గిర్రున తిరిగింది. రోలరు మాత్రం కదల్లేదు.

"రోజూ పొద్దున్నే నూనె రాస్తన్నాను బావూ," అన్నారు వెనక నుంచి అప్పలనరసింహం గారు, సంతోషంగా. "పులుపు పడ్డ ఇనుము తుప్పట్టీద్ది కదా. సూడు, ఎలా మెరుస్తన్నాదో."

ఆయన్ని ఏమనను? గుడి దీపాల మధ్య పెరిగిన చెయ్యి అది. ఇనుముకి పులుపు ఎక్కించింది మాత్రం నిమ్మకాయ దూర్చిన నా తెలివి.

లోపల జగదీశ్వరి ఏదో కూనిరాగం తీస్తోంది. సెలవు ఇంకా ఇరవై ఆరు రోజులుంది. ఎవరూ చూడకుండా నూనె తుడిచేస్తే, రేపు పెడలు కదలక తన కాలే చచ్చుబడిందనుకుంటుంది. తుడవకపోతే లేని బలాన్ని నమ్ముకుని రోడ్డెక్కుతుంది. ఒకరి ముఖం చూసి నిజం చెప్పడానికి జంకడం నాకు ఆ రోజే తెలిసింది.

ఆమె బయటికి రాగానే చెప్పేశాను.

"అది ఆరో నంబరు కాదండి. ఒకటో నంబరు కూడా కాదు. నూనె మీద టైరు జారిపోతన్నాది. పన్నెండు రోజులూ మీరు గాలిని తొక్కినారు."

ఆమె మెట్టు మీద కూర్చుంది. తన కుడికాలు వైపు చూసుకుంది.

"మీరు రోజూ వచ్చి ఏటి సూసినారు మరి? టైరు సూడ్డానికే కదా రావడం?"

"టైరే సూడాలండి."

"సూడలేదా?"

"లేదు. మిమ్మల్ని సూస్తండిపోనాను."

ఆమె నవ్వలేదు. తల కూడా ఎత్తలేదు. "ఎల్లండి," అంది.

*

మర్నాడు వెళ్లకూడదనుకున్నాను. ఏడింటికి కాళ్లు అక్కడికే తీసుకెళ్లాయి. చేతిలో కొత్త టైరు, సబ్బు, పాత బనీను గుడ్డ.

జగదీశ్వరి అప్పటికే నేల మీద కూర్చుని రోలరు రుద్దుతోంది. రాడ్డు ఉన్న కాలు మడవలేక పక్కకి చాపుకుంది.

"ఆ పక్క మీరు రుద్దండి," అంది, నా వైపు చూడకుండా.

ఇద్దరం రుద్దాం. ఆరబెట్టాం. కొత్త టైరు ఎక్కించాను. రెండు చుట్లు బిగించాను.

"ఎంత మీద పెట్టమంటారు?"

"ఒకటి."

ఎక్కింది. ఐదు నిమిషాలు మెల్లగా తొక్కింది. ఈసారి చప్పుడు వేరు. నిన్నటిదాకా చీర జారినట్టు వినిపించేది. ఇప్పుడు రోలరు గొంతు విప్పి మూలుగుతోంది. ఆ మూలుగు విని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. అసలు బరువు ఇదీ.

"ఇప్పుడు ఒక నిమిషం గట్టిగా," అన్నాను వాచీ చూసుకుని.

పది లెక్కపెట్టేసరికి ముఖం ఎర్రబడింది. ఇరవైకి మెడ మీద చెమట ధార కట్టింది. ముప్పైకి కుడికాలు వణకడం మొదలైంది. మోకాలి కింద కుట్ల గీత బిగిసి తెల్లబడింది. ఫ్యాను గాలి ఆమె జుట్టునైనా కదిలించలేకపోయింది, అంతలా తడిసిపోయింది.

"ఆపీయండి," అన్నాను.

"అది సెప్పకండి. లెక్కెట్టండి."

"ముప్పై నాలుగు. ముప్పై ఐదు."

కుర్చీలోంచి అప్పలనరసింహం గారు తొడ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టారు. నా అంకెలూ ఆయన తాళమూ కలిశాయి. ఆమె కాలు ఆ తాళాన్ని పట్టుకుంది. గున్నమ్మ గోడ మీద నుంచి మెడ చాపి తాళానికి తల ఊపింది. యాభై. యాభై ఐదు. పెడలు పైకి రానంటోంది. ఆమె లేచి ఒళ్లంతా దాని మీద వేసి కిందకి దించింది. మళ్లీ దించింది.

"అరవై."

హ్యాండిల్ మీద తల వాల్చింది. చెమట బొట్లు నేల మీద టపటపా పడుతున్నాయి. నేను అక్కడే నిలబడ్డాను. ఎన్ని వేల చక్రాలు తిప్పి చూసుంటాను. లోకంలో నన్ను ఆశ్చర్యపరిచేది ఇక ఏదీ లేదని నమ్మి ఎన్నో ఏళ్లైంది. ఒకటో నంబరు మీద ఒక్క నిమిషం చూసి, దేవుడి ఎదుట నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఇంకెన్ని?" అంది తల ఎత్తకుండా.

"ఐదు సార్లు."

"ఊఁ. పెట్టండి వాచీ."

*

అక్కణ్నుంచి ఇరవై రోజులకి మూడో నంబరు దాకా వచ్చింది. ఆ మూడూ నిజమైనవి. టైరు ముట్టుకుంటే చుర్రుమనేది.

ఇక గుండె సంగతి మిగిలింది. దానికో ఉపాయం చేశాను. ఆమె తొక్కుతుండగా నా మోపెడ్ వాకిట్లోకి తెచ్చి, వెనక నిలబెట్టి, ఇంజను రేపి హారన్ కొట్టేవాణ్ని. మొదటిరోజు ఉలిక్కిపడి దిగిపోయింది. ముఖం పాలిపోయింది. రెండోరోజు దిగలేదు కానీ కళ్లు మూసుకుంది. చివరికి తల తిప్పకుండానే అంది.

"హారన్ మెల్లగా కొట్టండి. నాన్న నిద్దరోతన్నారు."

"ఇంటి ముందర ఈ ట్రాఫిక్ జామేటే?" అంది గున్నమ్మ.

డ్యూటీలో చేరే రోజు పొద్దున సన్నటి వాన. సైకిల్‌ని ట్రైనరు మీద నుంచి దించాను. సంచి తగిలించాను. నా మోపెడ్ స్టార్ట్ చెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు ఎనకాల రాకండి."

"తోడుంటాను కదండీ."

"ఎనకాల మీరున్నారనుకుంటే, లారీ వచ్చినా మీరేననుకుని పక్కకి తప్పుకోను."

నిజమే. ఆగిపోయాను. ఆమె వీధి మలుపు దాకా వెళ్లింది, కనబడకుండా పోయింది.

ఆ రోజు ఒక్క పంక్చరు కూడా సరిగ్గా వెయ్యలేదు. రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా లేచి నిలబడ్డాను. రెండయింది. మూడయింది. వాన పెరిగింది. నాలుగు దాటాక షాపు ముందు బ్రేకు చప్పుడైంది.

నడుం దాకా బురద. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. సంచి ఖాళీగా వేలాడుతోంది.

"పద్దెనిమిది," అంది.

"లారీలు?"

"ఏడు. లెక్కెట్టినాను."

"సేతులు?"

"వణికినాయి. కాళ్లు ఆగలేదు."

తుడుచుకోమని గుడ్డ అందించాను. ఆమె ముఖం తుడుచుకుని, వాన వైపు చూస్తూ, పోస్టాఫీసు కౌంటర్లో అడిగినట్టే అడిగింది.

"నాన్నతో మీరు మాటాడతారా, నన్ను మాటాడమంటారా?"

అర్థమైంది. అర్థమైనట్టు ఒప్పుకోవడానికి ధైర్యం చాల్లేదు.

"నాను ఎనిమిదో తరగతండి. ముప్పై ఎనిమిదేళ్లు. నా నోరు కూడా మంచిది కాదని ఊరంతా సెప్తారు."

"పన్నెండో రోజున మీకు నోరుమూసుకుని ఊరుకోడం కుదిరేది. ఊరుకోలేదు. నాకదే కావాల. ఇంతకీ ఎవులు మాటాడాల?"

"ఇద్దరం ఎల్దాం," అన్నాను.

"రా అయితే," అంది. మొదటిసారి 'రా' అంది.

షాపు తలుపు కూడా వెయ్యలేదు. ఆమె సైకిలెక్కింది. వానలో, రాజాం మెయిన్ రోడ్డు మీద, వడ్ల లారీల మధ్య, ఆమె చక్రం పక్కన పరిగెత్తాను. దుకాణాల్లోంచి జనం తొంగి చూశారు. ఆమె మెల్లగా తొక్కలేదు. నేను మెల్లగా తొక్కమని అడగనూ లేదు.