గోదావరి క్లాసిక్‌లో రెండో సీసా

విజేత మెడలోని దండ ఇంకా వాడిపోలేదు. విజేత మాత్రం అప్పటికే చనిపోయాడు.

స్లైడ్ మారింది. వేరే దేశం, వేరే సైకిల్ రేసు, వేరే కుర్రాడు. అతనూ గెలిచాడు. అతనూ హోటల్ గదికెళ్లి పడుకుని మళ్లీ లేవలేదు.

2004 ఫిబ్రవరి. ధవళేశ్వరంలో బ్యారేజీకి దగ్గరగా ఉన్న ఒక పాత బంగళాలో, కిటికీలన్నీ మూసేసి ఈ స్లైడ్ షో నడుపుతున్నారు. ఉన్న ఒక్క ప్లగ్గుకీ ప్రొజెక్టర్ తగిలించారు కాబట్టి టేబుల్ ఫ్యాన్ తిరగడం లేదు. దేశ రహస్యాలు కాపాడే సెక్షన్ నైన్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం ఏ బడ్జెట్‌లోనూ శాంక్షన్ కాదు.

చీఫ్ వీరబ్రహ్మం గారు చేతిరుమాలుతో మెడ తుడుచుకుని లైటు వేశారు.

“ఆర్-సెవెన్. రెండు సీసాల మందు. రేసు మధ్యలో మొదటిది, ఫినిష్‌కి ముందు రెండోది. మొదటిది అలసట తెలియనివ్వదు. రెండోది కూడా పడితే మనిషి ఆకాశంలో తొక్కుతాడు. గెలిచాక గుండె ఆగిపోతుంది.”

తయారు చేస్తున్నది ఆర్కిడ్ అనే విదేశీ ముఠా. మనుషులు చస్తున్నారని వాళ్లకి తెలుసు. ఎవడో ఒకడు బతికేదాకా డోసు మార్చుకుంటూ పోవడం, ఆ తర్వాత పెద్ద టీములకి అమ్ముకోవడం వాళ్ల ప్లాను. అందుకే డోప్ టెస్టులు లేని చిన్న రేసులు వెతుక్కుంటున్నారు. ఈసారి వాళ్ల కన్ను ఆదివారం జరగబోయే గోదావరి క్లాసిక్ మీద పడింది. యానాం నుంచి కోనసీమ మీదుగా రాజమండ్రి పుష్కర ఘాట్ దాకా రేసు. టీమ్ డాక్టర్ వేషంలో క్రాస్నర్ అనేవాడు దిగాడు. ఆ టీములోకి ఒక లోకల్ రైడర్‌ని తీసుకున్నారు. పేరు పెద్దిరాజు, యానాం పక్క రేవులో చేపలు పట్టే కుటుంబం. అతను చనిపోతే ఎండదెబ్బ అని రాసి చేతులు దులుపుకుంటారు.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ ఉదయభాస్కర్ అంతా విని తల అడ్డంగా ఊపాడు.

“నాకొద్దు సార్. ఈ ఆట పేరెత్తితేనే ఒళ్లు మండుతోంది.”

మండదూ మరి? సైకిల్ రేసులంటే అతనికి పిచ్చి. ప్రతి జూలైలోనూ సెలవు పెట్టి, కేబుల్ టీవీ ముందు కూర్చుని, మంచుకొండలెక్కే ఒక్కొక్కణ్ణీ దేవుడనుకున్నాడు. ఒక్కొక్కడూ దొరికిపోయాడు. ఒకడు బలం కోసం ఎక్కించుకున్న రక్తం వాడిది కాదు, ఇంకొకడి టీమ్ కారు డిక్కీ నిండా సిరంజిలు. తను కొట్టిన చప్పట్లు వెనక్కి తీసుకోవడం ఎలాగో ఎవరూ చెప్పలేదు.

“మన ఆఫీసులో గేరంటే స్కూటర్‌కే ఉంటుందనుకునేవాళ్లున్నారు,” అన్నారు చీఫ్. “నువ్వే వెళ్లాలి.”

ఆర్డర్ స్పష్టంగా ఉంది. క్రాస్నర్‌ని సీసా చేతికి అందిస్తుండగా పట్టుకోవాలి. ముందే పట్టుకుంటే విటమిన్ టానిక్ అంటాడు, సాయంత్రం ఫ్లైట్ ఎక్కేస్తాడు. ఉదయభాస్కర్ కవర్: మైకు జీపులో రేసు వెంట తిరిగే కామెంటేటర్. గాడ్జెట్: ఆర్-సెవెన్‌ తగిలితే నీలంగా మారే ఇంకు పెన్ను. యానాంలో ఒక డబుల్ ఏజెంట్ కలుస్తుంది. కోడ్ వర్డ్ పైనుంచి వచ్చింది: “రొయ్య రేటెలా ఉందండి?” దానికి జవాబు: “చంద్రుణ్ణి అడగండి.”

ఈ కోడ్ వర్డ్ పెట్టిన పెద్దమనిషెవరో గోదావరి జిల్లాల మొహం చూసి ఉండడు. శనివారం పొద్దున్న యానాంలో నది ఒడ్డున కనిపించిన ఒక అనుమానాస్పద వ్యక్తిని ఉదయభాస్కర్ రొయ్య రేటెలా ఉందని అడిగాడు. ఆయన కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. రేటు సంగతి, చెరువుకి వచ్చిన తెగులు, మేత కంపెనీ చేసిన మోసం, బావమరిది చేసిన మోసం అన్నీ వరసగా చెప్పాడు. రెండో వ్యక్తి టీ కూడా తాగించాడు. మూడో వ్యక్తి, మీరు కొనేవారా అమ్మేవారా అని తిరిగి అడిగాడు. ఏజెంట్‌కి తల వాచిపోయింది.

చివరికి నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, జార్జెట్ చీర కట్టుకున్న ఒక అందగత్తె పక్కనే వచ్చి నిలబడి, “చంద్రుణ్ణి అడగండి. ఇంతసేపూ వాళ్లనెందుకు అడిగారు?” అంది. ఆమె రమ్యశ్రీ. పుట్టింది యానాంలో, చేతిలో ఉన్నది ఫ్రెంచి పాస్‌పోర్టు, ఉద్యోగం క్రాస్నర్ దగ్గర ఇంటర్‌ప్రెటర్. చెప్పాల్సినదంతా చకచకా చెప్పేసింది. మందు ఎప్పుడూ ఐస్‌లోనే ఉండాలి. ఐస్‌బాక్స్ టీమ్ కారులో ముందే వెళ్తుంది. మొదటి సీసా రావులపాలెం హాల్ట్‌లో ఇస్తారు, రెండోది ధవళేశ్వరంలో నడుస్తున్న కారులోంచి. అంతా నిజమే చెప్పింది. ఆవిడతో వచ్చిన చిక్కల్లా, రెండు పక్షాలకీ నిజమే చెబుతుంది.

ఆ సాయంత్రమే ఉదయభాస్కర్ పెద్దిరాజుని వెతికి పట్టుకున్నాడు. వల మోసిన భుజాలు, చేపల గంపతో సైకిల్ తొక్కిన కాళ్లు, ఇరవై నాలుగేళ్లుంటాయి. వాళ్లిచ్చేది తాగితే ప్రాణం పోతుందని తను ఏజెంటునని తెలియనివ్వకుండా నెమ్మదిగా చెప్పి చూశాడు. పెద్దిరాజు చెయిన్‌కి నూనె వేస్తూ తలెత్తలేదు.

“మీకేంటండి, జీపులో కూర్చుని మైకులో చెప్తారు. తొక్కేవాణ్ణి నేనండి. వాళ్లంతా ఏదోటి వేసుకునే వస్తన్నారంట. నాకొక్కడికే నీతులెందుకండి?”

ఉదయభాస్కర్ వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. కుర్రాడన్నది నిజమే కావడమే అతని కోపం.

ఆదివారం తెల్లారగానే ఐస్‌బాక్స్ ఉన్న టీమ్ కారు ముందుగా బయల్దేరింది; క్రాస్నర్ రైడర్ల వెనక వేరే బండిలో వచ్చి రావులపాలెంలో అది ఎక్కుతాడు. నడిపేది బుజ్జిబాబు, కడియం నుంచి అద్దెకొచ్చిన డ్రైవరు, నలభై దాటిన మనిషి. యానాం వంతెన దాటగానే చెక్‌పోస్ట్ ఉంటుంది. యానాంలో పన్ను తక్కువై చవగ్గా దొరికే బ్రాందీ, విస్కీ సీసాలు ఇటు దాటకుండా బస్సు నుంచి మోపెడ్ దాకా ప్రతిదీ వెతుకుతారు. ఆ రోజు మాత్రం రేసు స్టిక్కర్ ఉన్న కార్లని ఆపొద్దని ఆర్డర్. బుజ్జిబాబు కారుని ఎవరూ ఆపలేదు. అయినా అతను చెమటలు కక్కుతూ వెళ్లాడు. చెక్‌పోస్ట్ గేటు పక్కన నిలబడి చూస్తున్న ఉదయభాస్కర్ ఆ చెమటని గమనించి, వీడూ ముఠా మనిషే అని నిర్ధారించుకున్నాడు.

రేసు మొదలైంది. మైకు పట్టుకుని ఉత్సాహం ఒలకబోయాలి. ఒలకబోశాడు. లోపల మాత్రం ఏడుపొస్తోంది. ఒకప్పుడు ఎవడైనా గుంపులోంచి విడిపోయి ముందుకురికితే కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. ఇప్పుడు వీడేం వేసుకున్నాడో అనిపిస్తోంది. అందరికన్నా వెనక రొప్పుతూ తొక్కేవాడొక్కడే మంచివాడిలా కనిపిస్తున్నాడు. ఇదేం చూడటం? రోడ్డు పక్కన జనం అరటిపళ్లు అందిస్తున్నారు, పేర్లు తెలియని విదేశీయులకి కూడా ఈలలు వేస్తున్నారు. వాళ్లని చూస్తే అసూయగా ఉంది.

అమలాపురం దాటేసరికి జీపు వెనక టైర్లు రెండూ గాలి పోయి కూర్చున్నాయి. రెండింటికీ వాల్వ్ పిన్నులు ఎవరో వదులు చేసి పెట్టారు. కామెంటేటర్ ఎవరో తెలిసినది రమ్యశ్రీకొక్కదానికే. ఉదయభాస్కర్ ఆవిణ్ణీ తననీ కలిపి తిట్టుకున్నాడు. గాలి కొట్టించుకుని రావులపాలెం చేరేసరికి హాల్ట్ ఖాళీ అయిపోయింది. టెంట్‌లో బల్ల మీద ఒక చిన్న ఖాళీ సీసా. పెద్దిరాజు గటగటా తాగి వెళ్లాడని అక్కడివాళ్లు చెప్పారు. ఐస్‌బాక్స్ కారూ లేదు, క్రాస్నర్ కూడా అందులోనే వెళ్లిపోయాడు.

మొదటి సీసా కడుపులో పడిపోయింది. ఇక మిగిలింది రెండోది.

జీపు గౌతమి వంతెన దాటి, కడియం పూలతోటల పక్కనుంచి దూసుకెళ్లింది. ముందున్న ముగ్గురిలో పెద్దిరాజు కనిపించాడు. పక్కనున్న ఇద్దరు విదేశీయుల్నీ మింగేసేలా తొక్కుతున్నాడు. పళ్లు బిగించాడు, కళ్లు ఎర్రబడ్డాయి. మందు పని చేస్తోంది అనుకున్నాడు ఉదయభాస్కర్.

మైకు ఎత్తి, “పెద్దిరాజూ, ఇంకేం తాగొద్దు, నా మాట విను,” అని బతిమాలాడు. బంతితోటలో నిలబడ్డ ఆడవాళ్లు అది తమాషా అనుకుని నవ్వారు.

వైర్‌లెస్‌లో చీఫ్ అందుకున్నారు. ధవళేశ్వరంలో మఫ్టీ మనుషులు రెడీగా ఉన్నారట. సీసా చేతికి అందేదాకా ఎవరూ కదలొద్దట.

“అందితే తాగేస్తాడు సార్. చచ్చిపోతాడు.”

“అందకపోతే కేసు లేదయ్యా.”

ఉదయభాస్కర్ వైర్‌లెస్ కట్టేశాడు. టీమ్ కారుకీ పెద్దిరాజుకీ మధ్యలోకి దూర్చేయమని జీపు డ్రైవరుకి చెప్పాడు. ధవళేశ్వరం రోడ్డు మీద జనం రెండు పక్కలా ఒరుసుకుని ఉన్నారు. జీపు దూరే సందు లేదు. హారన్ మోగించినకొద్దీ జనం ఇంకా సంబరంగా ముందుకొస్తున్నారు. ఎదురుగా, కళ్లముందే, టీమ్ కారు కిటికీలోంచి క్రాస్నర్ చెయ్యి బయటికొచ్చింది. చేతిలో చిన్న సీసా. పెద్దిరాజు ఎడమ చెయ్యి చాచి అందుకున్నాడు. మూతని పళ్లతో పట్టుకున్నాడు.

ఆగాడు. సీసా వంక చూశాడు. తల తిప్పి క్రాస్నర్ వంక చూశాడు. ఆ సీసాని బలంగా వెనక్కి విసిరేశాడు.

అది వచ్చి మైకు జీపులో, ఉదయభాస్కర్ ఒళ్లో పడింది.

తర్వాత మైకులో ఏం అరిచాడో అతనికి గుర్తులేదు. కాదన్నాడు! కళ్లముందు ఒక రైడర్ మందుని కాదన్నాడు! ఇన్నేళ్లలో ఇలాంటిది ఒక్కటి చూడాలనుకున్నాడు, చూశాడు. పుష్కర ఘాట్ దగ్గర పెద్దిరాజు అందరికన్నా ముందు గీత దాటాడు. సెక్షన్ నైన్ ఏజెంటు జీపు బానెట్ మీదికెక్కి, కళ్లమ్మట నీళ్లు కారుతుండగా, చప్పట్లు కొట్టాడు.

ధవళేశ్వరం నుంచి వెంటపడి వచ్చిన మఫ్టీ మనుషులు ఘాట్ దగ్గర క్రాస్నర్‌ని చుట్టుముట్టారు. అనుకున్నట్టే విటమిన్ టానిక్ అన్నాడు. చీఫ్ గంభీరంగా ఐస్‌బాక్స్ మూత తీయించారు. ఐసు కింద, వరసగా, ముద్దుగా, యానాం బ్రాందీ క్వార్టర్ సీసాలు.

అంతా బుజ్జిబాబు వంక చూశారు. అతను తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నెమ్మదిగా అడిగితే కథంతా చెప్పాడు. ఆ సాయంత్రం రాజమండ్రిలో బావగారి గృహప్రవేశం. స్టిక్కర్ ఉన్న కారుని చెక్‌పోస్టులో ఆపరని తెలిసి, మందుల బాక్సు కన్నా భద్రమైన చోటు లేదనుకున్నాడు. క్వార్టర్లు కుక్కుతుంటే డాక్టరు గారి చిన్న సీసాల మూతలు ఊడిపోయి మందంతా ఐసులో ఒలికిపోయింది. డాక్టరు తిడతాడని భయపడి, ముమ్మిడివరం దగ్గర ఒక కొబ్బరిబొండాం కొట్టించి, ఆ నీళ్లు వాటిలో పోసి మూతలు బిగించాడు. ఒక్క సీసా మాత్రం మూత గట్టిగా ఉండి మిగిలింది.

“యానాం నుంచి వస్తూ ఖాళీ చేతుల్తో వెళ్తే బావగారేమనుకుంటారండి?” అన్నాడు బుజ్జిబాబు.

ఉదయభాస్కర్ తన ఒళ్లో పడ్డ సీసాలో పెన్ను ముంచాడు. ఇంకు నీలమైంది. మిగిలిన ఆ ఒక్కటీ ఇదే. క్రాస్నర్‌కి బేడీలు పడ్డాయి. సాక్ష్యం చెప్పడానికి రమ్యశ్రీ అందరికన్నా ముందు వచ్చి నిలబడింది. ఆవిడ ఎవరి మనిషన్నది ఇప్పటికీ తేలలేదు.

పెద్దిరాజు ఘాట్ మెట్ల మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. ఉదయభాస్కర్ వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఎందుకు విసిరేశావని అడిగాడు.

“రావులపాలెంలో ఇచ్చింది తాగానండి. కొబ్బరినీళ్లండి అవి. కోనసీమ గాలి పీల్చినోణ్ణి, నాకు తెలీదేంటండి? ఫారిన్ మందని చెప్పి మా నీళ్లే మాకు పోస్తాడా అని ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే తొక్కానండి.”

“రెండోది నిజమైన మందని తెలిస్తే?”

“తాగేవాణ్ణేనండి,” అన్నాడు పెద్దిరాజు, దాపరికం లేకుండా.

“అది నిజమైనదే. తాగుంటే ఈపాటికి నువ్వు లేవు.”

పెద్దిరాజు చేతిలోని పండు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

చావు తప్పినవాడి మీద కోపం రావడం అన్యాయమే. ఉదయభాస్కర్‌కి వచ్చింది. బానెట్ ఎక్కి ఏడ్చింది దేనికి? నీతికి కాదు, పౌరుషానికి. అయినా లెక్క ఎటు తిప్పినా ఒకటే తేలుతోంది. రావులపాలెం నుంచి ఇక్కడిదాకా ఆ కాళ్లని నడిపించింది బొండాం నీళ్లు, కోపం. ఇంకేమీ లేదు. ప్రపంచంలో ఒక్క గెలుపు శుభ్రమైనదని రూఢిగా తెలిసిన అభిమాని తనే. కుర్రాడి భుజం తట్టి లేచాడు.

చీఫ్ ఎదురొచ్చి, ఆర్కిడ్ మనుషులు ఇంకా బయట ఉన్నారు కాబట్టి సీసాల సంగతి టాప్ సీక్రెట్ అనీ, ఎక్కడా నోరు విప్పొద్దనీ చెప్పి వెళ్లారు.

గట్టు మీద స్కూటర్‌కి ఆనుకుని నిలబడ్డ ఒక పెద్దాయన పక్కవాళ్లతో అంటున్నాడు, మనోడు విదేశీయుల్ని కొట్టడమేంటి, ఏదో వేసుకునే ఉంటాడని. అందరూ తలలూపుతున్నారు. ఆయన ఉదయభాస్కర్‌ని గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

“మైకులో చెప్పింది మీరే కదండి? మీకు తెలిసే ఉంటుంది. ఏం తాగాడంటారు?”

ఉదయభాస్కర్ ఇక ఉండలేకపోయాడు. “కొబ్బరినీళ్లండి,” అన్నాడు.

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. “భలేవారండి మీరు,” అని వీపు తట్టి, ఆ జోకు చెప్పడానికి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లాడు. సెక్షన్ నైన్ చరిత్రలో ఒక టాప్ సీక్రెట్‌ని ఇంత భద్రంగా దాచిన ఏజెంటు మరొకడు లేడు.