వెనక తలుపు తెరుచుకుంది

కొరియాలోని ఇంచియాన్‌లో ఒక ఆఫీసు మూడో అంతస్తులో యున్‌బి ఉద్యోగం. ఖాతాదారులు క్లౌడ్‌లో పెట్టుకున్న హెచ్చరికల్ని వడపోసి, అవసరమైనవే వాళ్ల ఫోన్లకు పంపడం ఆమె పని. సముద్రపు నాచు ఎండబెట్టి అమ్మే ఖాతాదారు దొక్సు, తన యంత్రాల హెచ్చరికల పక్కన సొంతంగా ఇంకొకటి రాసుకున్నాడు: "వెనక తలుపు తెరుచుకుంది. అమ్మను చూడు."

ఆ తలుపు గాలికి రోజుకు నలభైసార్లు కొట్టుకునేది.

"ఫోను చెవిలో జోరీగైపోయింది తల్లీ!" అని ఒకరోజు ఫోన్ చేసి నవ్వుతూ అన్నాడు. "మా అమ్మకు మతిమరుపు. కోటు గుండీలు కాజా తప్పించి పెట్టుకుని, సముద్రపు బురదలో గవ్వలేరడానికి బయల్దేరుతుంది. ఆవిడ వెనకంటే సరే, గాలి వెనక ఎక్కడ పరిగెత్తను?"

"గంటకు ఒక్కటే వచ్చేలా చేస్తాను బాబాయ్ గారూ" అంది యున్‌బి. వడపోత పెట్టింది.

డిసెంబరులో ఒక సాయంత్రం ఐదూ రెండుకు గాలి వీచింది. దొక్సు వెళ్లి తలుపు మూసొచ్చాడు. ఐదూ పన్నెండుకు అదే తలుపు తీసుకుని అమ్మ వెళ్లింది. గంట గడవలేదని ఆ హెచ్చరిక వడపోతలో ఆగిపోయింది. అప్పటికే సముద్రానికి పోటు మొదలైంది. మర్నాడు ఒక రబ్బరు బూటు మాత్రం దొరికింది.

దొక్సు యున్‌బిని ఒక్క మాటా అనలేదు. తలుపుకున్న సెన్సరు పీకేసి, ఖాతా మూసేశాడు.

ఆవిడ పోయి నలభై తొమ్మిదో రోజు, ఆత్మను సాగనంపే రోజు. ఈపాటికి దొక్సు ఇంట్లో కర్మ జరుగుతూ ఉంటుందని యున్‌బికి గుర్తొస్తూనే ఉంది. కిటికీ బయట మంచు పడుతోంది. సరిగ్గా ఐదూ పన్నెండుకు తెర మీద అదే వాక్యం.

వెనక తలుపు తెరుచుకుంది. అమ్మను చూడు.

"ఖాతాయే లేదు కదమ్మా!" అన్నాడు టీమ్ లీడర్ ప్యో, తొంగిచూసి. "పాత చెత్త ఏదో. దానికీ ఓ వడపోత తగిలించు. దెయ్యాలకు సేవ చేస్తే జీతం పెరగదు." నవ్వుకుంటూ కాఫీకి పోయాడు.

ఆమె కొత్త వడపోత పెట్టలేదు. మళ్లీ వచ్చింది. మళ్లీ... మడమలకు చల్లగాలి తగిలింది. ఉప్పుబురద వాసన.

ఈసారి ఆపకూడదు.

పాత వడపోత తీసేసింది. ఎవరికి పంపాలన్న చోట తన పేరు రాసింది. 'చూశాను' అన్న మీట నొక్కింది.

ఆమె ఫోను మోగింది, దాని మీద కొత్త వాక్యం.

తలుపు మూసుకుంది.

అలాంటి హెచ్చరిక దొక్సు ఎన్నడూ రాసుకోలేదు.

తల తిప్పకుండానే యున్‌బి తన కోటు విప్పి, పక్కనున్న ఖాళీ కుర్చీ మీద వేసింది.

"అవ్వా..." అంది. "చలిగా ఉందా?"

 చివరికి ధైర్యం చేసి అటు చూసింది. కుర్చీలో ఎవరూ లేరు. కోటుకు గుండీలన్నీ పెట్టి ఉన్నాయి... పైనుంచి కిందిదాకా, ఒక్కో కాజా తప్పి.