ముసురులో ఆరిన పంచె

గురజాలలో ముసురు పట్టిందంటే దండెం మీద బట్టలు ఆరవు, కంపు కొడతాయి. ఎనభై ఎనిమిది శ్రావణంలో అట్లాంటి ఒక సాయంత్రం, ఇంట్లో నేనూ మా మేనత్త బుల్లెమ్మా ఇద్దరమే ఉన్నాం. అత్తను బస్సెక్కించి, స్కాను రిపోర్టు కోసం చెన్నకేశవులు మామ హైదరాబాదులోనే ఆగిపోయాడు.

అంతకుముందు ఏడాది అత్తకు ఎడమ రొమ్ము తీసేశారు. ఇప్పుడు నడుం నొప్పి మొదలైంది. జబ్బు ఎముకల్లోకి దిగిందేమో చూడమని హైదరాబాదు పెద్దాసుపత్రికి రాశారు. అక్కడ నరానికి సూదేశారు. ఆ మందు ఒళ్లంతా తిరిగి జబ్బున్న ఎముక దగ్గర గుమిగూడుతుందట. పెద్ద కెమెరా ఒకటి ఆ చోట్లను పట్టుకుంటుందట.

"ఫోటోకి నవ్వావా అత్తా?"

"కదలొద్దంటే నవ్వేదేందే, నీ మొహం."

ఎప్పుడూ నా మాటకు ఫక్కున నవ్వే మనిషి, ఆ రోజు నవ్వలేదు. మిషన్ దగ్గర కుర్రాడు పక్కవాడితో "ఇక్కడ చానా హాట్‌గా ఉంది" అనడం ఆమె చెవిన పడింది. హాట్ అంటే వేడని పక్కింటి ఫిలోమినా టీచరమ్మ చెప్పింది. అప్పట్నుంచి అత్తకు మజ్జిగా, సబ్జాగింజలే తిండి.

"మీ మామ పంచె తడిపి నా వీపున పరుచు. జబ్బు వేడున్న చోట ముందు ఆరుద్ది. రేపటిదాకా ఆగలేనే," అంది.

వానలో తొట్టి దాకా పోయి వచ్చేసరికి పంచెతో పాటు నా వోణీ కూడా ముద్దయింది. అప్పుడే కరెంటు పోయింది. అత్త చాప మీద బోర్లా పడుకుంది. నేను పంచె పరిచి, లాంతరు పట్టుకుని కూర్చున్నాను. కిరసనాయిలు వాసన, తడిగుడ్డ వాసన. నాపరాళ్ల కప్పు సందుల్లోంచి ఎక్కడో చుక్క... చుక్క...

"ఆరిందా?"

"ఇడ్లీ ఉడకాలన్నా టైము పట్టుద్ది అత్తా."

ఒంటికి అతుక్కున్న పంచె, నడుం దగ్గర ఒక చోట తెల్లబడింది. పొడిగా, పైకి లేచి.

"ఏమైందే?"

"ఏం లేదు."

పక్కన ఇంకొకటి. ఇంకొకటి... వరసగా. వాటి కింద అరచేయంత మేర.

వేళ్లు.

"చెయ్యి తియ్యవే," గొణిగింది అత్త. "కాలతంది."

"నా చేతుల్లో లాంతరుంది అత్తా..."

అత్త ఊపిరి బిగబట్టింది. గుసగుసగా అంది. "ఆ మిషన్ కింద గూడా ఇట్టాగే ఎవరో చెయ్యేశారు. డాక్టరనుకున్నా. తల తిప్పి చూస్తే గదిలో ఎవరూ లేరే."

తెల్లటి చెయ్యి కదిలింది. వెన్ను మీదుగా... మెడ వైపు.

"నీకు దణ్ణం పెడతా," అత్త చాపలోకి ఏడుస్తోంది. "నాకింకా బతకాలనుంది. ఎక్కడికన్నా పో. నన్నొదిలెయ్."

భయమేస్తే నా నోరు ఆగదు. అత్తను ఎట్టాగైనా నవ్వించాలి, అంతే.

"ముసలమ్మ దగ్గర ఏముంది? ఇట్రా. నాకు చలేస్తంది."

వేళ్లు ఆగాయి.

లాంతరు ఒకసారి రెపరెపలాడింది. అత్త పొడుగ్గా ఊపిరి వదిలింది. "పోయిందే. చల్లగా ఉంది." అట్లాగే నిద్రపోయింది.

తెల్లారి మామ వచ్చాడు. గడపలోనే చెప్పేశాడు. "ఎముకల్లో ఏం లేదంట. నడుం నొప్పి వయసుదంట. ఆ కుర్రాడు హాట్ అన్నది ఏసీ చెడి గదిలో ఉక్కపోస్తే. నువ్వూ, నీ ఇంగ్లీషూ."

అత్త పగలబడి నవ్వింది. గోంగూర పచ్చడి వేసుకుని రెండోసారి అన్నం పెట్టించుకుంది. నన్ను చూసి, "ఏమే, నువ్వు నవ్వవేందే?" అంది.

బయట ముసురు తగ్గలేదు. దండెం మీది వోణీ ఆరక తడిదే కట్టుకున్నాను. ఒళ్లంతా చలి. ఎద మీద ఎడమ పక్కన, బొట్టుబిళ్లంత చోట మాత్రం బట్ట పొడిగా, పైకి లేచి ఉంది.

దాని పక్కన ఇంకొకటి... మెల్లగా తెల్లబడుతోంది.