చిన్న ఆర్డర్లు దాచొద్దు

మధ్యాహ్నం పన్నెండూ నలభై. మెల్బోర్న్, క్లేటన్ స్టేషన్ పక్క వీధిలో కారు ఆపి ఏజెంట్ ఫుర్కాన్ ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర కడిగిన పలకలా శుభ్రంగా ఉంది. అది చూడగానే అతడికి చెమటలు పట్టాయి.

ఫోన్ మోగింది. చీఫ్ లీలావతి. సిడ్నీ, క్వేకర్స్ హిల్‌లో ట్యూషన్ సెంటర్ బోర్డు వెనకున్న రహస్య ఆఫీసు ఆమెది.

"కూరలో ఉప్పు సరిపోయిందా?"

"ఉప్పే లేదు మేడమ్."

"లైన్ సేఫ్. చెప్పు."

"ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చింది. చిన్న ఆర్డర్లు ఒక్కటీ కనపడటం లేదు. క్రిప్టో ఎక్స్‌ఛేంజ్ వాళ్లు పొద్దున కనెక్షన్ మార్చారు కాబట్టి పాత వెర్షన్ పనిచేయదు."



"హఫీజాని డార్విన్ పోర్టులో ఏదో కంటెయినర్‌లో పెట్టారు. ఏ కంటెయినర్‌ని ఓడెక్కించాలో ముఠా రెండింటికి సిగ్నల్ ఇస్తుంది. అక్కడున్నవి మూడువేలు. ఓడని ఆపాలంటే కాన్‌బెర్రా సంతకం కావాలి, అది రేపటికి గాని రాదు. ఆ నాలుగంకెల నంబరు నువ్వే చదవాలి."

ఫోన్ పెట్టేసింది.

హఫీజా డార్విన్ ఆసుపత్రిలో ఫార్మసిస్టు. మందుల కోసం వచ్చే ఒక విదేశీ ముఠా మనిషి మీద కన్నేసి ఉంచమని ఆమెను ఒప్పించింది ఫుర్కానే. "నీకేం గాదమ్మా, నేనున్నా కదా" అన్నాడు.

ముఠా వాళ్లు ఫోన్లు వాడరు. ఎవరూ పట్టించుకోని ఒక క్రిప్టో నాణేనికి బుల్లి బుల్లి కొనుగోలు ఆర్డర్లు పెట్టి, సెకను లోపే రద్దు చేస్తారు. ఎన్ని నాణేలు అడిగారో ఆ అంకెలే సందేశం. అలాంటి ఆర్డర్లను తెరమీద గీతలుగా చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది, పేరు గవాక్షం. ఓపెన్ సోర్స్. కోడ్ ఎవరైనా చదవొచ్చు, తమ కాపీని ఎవరైనా మార్చుకోవచ్చు. కానీ ఆఫీసులో ఒక్క లైను కోడ్ మార్చాలన్నా ఆరు సంతకాలు పడాలి. అంతకంటే దాన్ని రాసిన అమృతం ఆంటీ కాళ్లు పట్టుకోవడం సులువు.

అసలు తప్పు ఫుర్కాన్‌దే. ఆ గీతలే సందేశమని తెలియకముందు, 'కొత్తిమీర' అనే దొంగపేరుతో ఆమెకు ఫీడ్‌బ్యాక్ పంపాడు: 'తెరనిండా దుమ్ములాగా చిన్న ఆర్డర్లు. దాచేయండి.' కొత్త వెర్షన్‌లో శ్రద్ధగా దాచేశారు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని ఊరికే అనలేదు పెద్దలు.

ఇంటర్నెట్ రిపేరు మనిషి వేసుకునే ఆరెంజ్ చొక్కా తొడుక్కుని ఆంటీ ఇంటి తలుపు కొట్టాడు. తీసింది జాక్లిన్. ఎర్రటి పెదాలు, నల్ల గౌను, ఒంటిగంటకే సాయంత్రం పార్టీకి తయారైనట్టుంది. ఆరు నెలల కిందట గవాక్షం మీద నిఘాకు లీలావతి పంపిన ఏజెంట్ ఆమె. కోడ్ రాసిపెడుతూ ఆంటీకి కుడిభుజమైంది. ఫుర్కాన్‌ని ఎరగనట్టే చూసింది.

కాకినాడలో స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా రిటైరై కూతురింటికి వచ్చిన అమృతం, వంటింటి బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

"మా నెట్టు బానే ఉందిగా నాయనా?"

"నెట్టు కోసం కాదు ఆంటీ. మీ యాప్ వాడతా నేను. చిన్న ఆర్డర్లు మళ్లీ చూపియ్యల్ల. శానా అర్జెంటు."

ఆమె ఒక కాగితం ముందుకు తోసింది. "మూడే ప్రశ్నలు. ఏం చేశావు, ఏం కనపడాలనుకున్నావు, ఏం కనపడింది. ఇది నింపకుండా నేను కోడ్ ముట్టుకోను. మా అమ్మాయి అడిగినా ఇంతే."

ట్రేడింగులో లాభం కోసమని రాసిచ్చాడు. ఆమె చదివింది.

"ఏ నాణెం?"

చెప్పాడు.

"దాన్లో లాభం చూసినోడు ఇంకా పుట్టలేదు. మళ్లీ రాయి."

యూనివర్సిటీలో రీసెర్చి అని రాశాడు.

"గైడెవరు?"

ఫుర్కాన్ కాగితం వెనక్కి లాక్కున్నాడు.

"ముప్పై ఏళ్లు కాపీ కొట్టే పిల్లల్ని పట్టుకున్నాను నాయనా. నీ అవసరమేంటో తెలియకుండా మారిస్తే ఇంకోడి తెర పాడవుద్ది."

గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది.

"ప్రాసెస్ ఉంది కదా ఆంటీ, నెక్స్ట్ రిలీజ్‌లో చూద్దాం" అంది జాక్లిన్. "అన్నకి టీ ఇస్తాను." బాగా నటిస్తోందనుకున్నాడు ఫుర్కాన్.

పందొమ్మిదేళ్లుగా అబద్ధమే అతడికి కూడు పెట్టింది. ఈ ముసలావిడ ముందు అది ఒక్క నిమిషం కూడా నిలవడం లేదు. ఇనపడబ్బాలో, డార్విన్ ఎండలో హఫీజాకి ఊపిరి ఆడుతోందో లేదో. మూడోసారి రాశాడు.

'కొత్తిమీర నేనే. దాచమన్నది నేనే. ఒక కంటెయినర్ నంబరు కనపడాలి. అందులో హఫీజా అనే మనిషి ఉంది. నన్ను నమ్మి వచ్చింది. ఏమీ కనపడటం లేదు.'

అమృతం రెండుసార్లు చదివింది. కళ్లజోడు సర్దుకుంది.

"ఇదీ ఫీడ్‌బ్యాక్ అంటే. ముందే రాసుంటే ఈపాటికి అయిపోను."

ఆమె వేళ్లు కీబోర్డు మీద పరిగెత్తాయి. చిన్న ఆర్డర్లు చూపించడానికి తెర కుడి మూల ఒక స్విచ్ పుట్టింది. ఒకటీ యాభై ఏడుకు తెర బిగుసుకుపోయింది. నెట్ లేదు.

జాక్లిన్ అప్పుడే తెచ్చిపెట్టిన టీ కప్పు పక్కన ఒక లిప్‌స్టిక్ నిలబెట్టి ఉంది. ఫుర్కాన్ దాన్ని ఎరుగును. వైఫైని చంపే జామర్ అది, ఆఫీసు సరుకే. చెయ్యి చాచబోయాడు.

"ముట్టుకోకు అన్నా." జాక్లిన్ చేతిలో పిస్టల్.

"ఎప్పట్నుంచి?"

"నీ ఫీడ్‌బ్యాక్ చదివిన రోజు నుంచి. మావాళ్లకి కావాల్సిన ఫిల్టర్ నువ్వే అడిగావు. నేను రాసిచ్చానంతే."

ఆ మాట పిస్టల్ కంటే ముందే పేలింది. హఫీజాని వెతికే దారిని తానే మూసేశాడు.

"అమ్మాయ్, టెస్టింగ్ జరుగుతుంటే బల్ల కదపకు" అంది అమృతం తల తిప్పకుండానే. బల్లకింద చేత్తో తడిమి నీలం నెట్ వైరొకటి లాగి కంప్యూటర్‌కి గుచ్చింది. "వైఫైని నమ్ముకుంటే అయినట్టే."

జాక్లిన్ చూపు వైరు మీదికి మళ్లింది. ఆ అరక్షణం చాలు. అతడు విసిరిన వేడి టీ ఆమె చేతిమీద పడింది, పిస్టల్ నేలమీద పడింది. ఫుర్కాన్ ఆమె మణికట్టు మెలిపెట్టి పట్టుకుని, రెండో చేత్తో లీలావతికి ఫోన్ కలిపాడు.

రెండు గంటలు. తెరమీద సన్నటి గీత మెరిసి మాయమైంది.

"ఏడు" అంది అమృతం. "నాలుగు. సున్నా."

నాలుగో గీత మెరిసింది. ఫుర్కాన్ కళ్లలో నీళ్లు, అతడికది కనపడలేదు.

"తొమ్మిది" అంది ఆవిడ. "రాసుకున్నావా?"

"ఏడు నాలుగు సున్నా తొమ్మిది మేడమ్."

తర్వాత ఇరవై నిమిషాలు ఎదురుచూపే. ఫుర్కాన్ తనకు తెలిసిన దువాలన్నీ చదివాడు. అమృతం కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంది. జాక్లిన్ గోళ్లు చూసుకుంటూ కూర్చుంది.

రెండూ ఇరవై ఒకటికి ఫోన్ మోగింది.

"తెరిచాం. బతికే ఉంది. నీళ్లడిగింది" అంది లీలావతి.

ఫుర్కాన్ వంటింటి నేలమీద చతికిలబడి ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాడు. సిగ్గుపడలేదు.

జాక్లిన్‌ని తీసుకెళ్లడానికి మనుషులొచ్చారు. చేతులకు సంకెళ్లతో ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

"ఆంటీ, ఆ స్విచ్‌ని రైట్ కార్నర్‌లో పెట్టారు. కొత్తవాళ్లకి అస్సలు కనపడదు. లెఫ్ట్‌కి మార్చండి."

అమృతం తెరవంక చూసింది. "నిజమేనే" అని కీబోర్డు దగ్గరకు లాక్కుంది.

"ఈమె మాట కూడా వింటారా ఆంటీ?"

"శత్రువు చెప్పినా లోపం లోపమే నాయనా."

వారం తర్వాత విడుదలైన వెర్షన్‌లో, సలహాలిచ్చినవారికి కృతజ్ఞతలని ఒక పట్టిక వచ్చింది. మొదటి పేరు జాక్లిన్. దాని కిందే కొత్తిమీర. పందొమ్మిదేళ్ల సర్వీసులో ఫుర్కాన్‌కు బహిరంగంగా దక్కిన గుర్తింపు అదొక్కటే, అదీ ముఠా మనిషి తర్వాత, ఆకుకూర పేరు మీద.