దింపుడు కళ్ళం మీద నిద్ర

నేను ఇంతకు ముందెప్పుడూ ఏమీ రాయలేదండి. అయిదో తరగతితో పలక పక్కన పెట్టేసినదాన్ని. కానీ మా పక్కింటి సత్యవాణికి జరిగిన సంగతిని ఊళ్ళో మగాళ్ళు తలో రకంగా మార్చేసి, తమకి అనుకూలంగా చెప్పుకుంటున్నారు. అందుకని ఆవిడ నోట విన్నది విన్నట్టు పెడుతున్నాను.

కడియం దగ్గర మా ఊరి కాలవగట్టు మీద, శ్మశానానికి వెళ్ళే దారిలో, ఒక రాతి తిన్నె ఉంది. దింపుడు కళ్ళం అంటారు. పాడె అక్కడ దింపి, పోయినవాళ్ళ చెవిలో అయినవాళ్ళు మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఇంకా ఉందేమోనని ఆఖరి ఆశ. ఇన్నేళ్ళలో పలికినవాళ్ళు లేరు. పగలు పలకనివాళ్ళు రాత్రిళ్ళు తిరిగి పిలుస్తారని… చీకటి పడ్డాక ఆ గట్టున ఎవరూ నడవరు. మీసాలు మెలేసేవాళ్ళయితే మరీను.

అలాంటి చోట పడక వేశాడు సత్యవాణి మొగుడు అమ్మిరాజు.

నర్సరీ మొక్కల లారీతో డెహ్రాడూన్ దాకా వెళ్ళొచ్చాడు కదా, అక్కణ్ణుంచి ఒక స్లీపింగ్ బ్యాగు తెచ్చుకున్నాడు. సున్నం రంగు గుడ్డ, లోపలంతా దూది. కాళ్ళు ముందు దూర్చి జిప్పు లాక్కుంటే మనిషి మనిషంతా అందులోనే. తలకో టోపీ, దాన్ని బిగించడానికో తాడు.

"మంచు కురవనీ, వాన కొట్టనీ, చుక్క తగలదు. లోపల కుంపటి పెట్టుకున్నట్టుంటుంది," అని వారం రోజులు వీధంతా ఊదరగొట్టాడు.

"ఉప్పు బస్తాలో మనిషిని కూరినట్టుంటుంది," అనేది సత్యవాణి.

ఆ ధనుర్మాసంలో ఓ సాయంత్రం లారీకి ఎక్కించాల్సిన గులాబీ అంటుమొక్కలన్నీ గట్టు మీదకి చేర్చారు. లారీ తెల్లారితే గాని రాదు. కాపలా అమ్మిరాజుకి పడింది. పొద్దంతా అంట్లు మోసిన అలుపు, దాని మీద రెండు గ్లాసులు. నేలంతా చెమ్మ. పొడిగా ఉన్నది ఆ తిన్నె ఒక్కటే. సంచి పరిచాడు… దూరాడు… తాడు బిగించాడు.

తెల్లవారుజామున మూడింటికి సత్యవాణి ఇంటి తలుపు దబదబా మోగింది.

మార్కెట్టుకి పూలు వేసే దొరబాబు. సైకిలు ఎక్కడ పారేశాడో, పూలబుట్ట మాత్రం చంకలో ఉంది. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"వదినా… కళ్ళం మీద శవం… దింపి వదిలేసి పోయారు… మోసినవాళ్ళు ఒక్కరూ లేరు!"

సత్యవాణికి నవ్వాగలేదు. "శవం కాదయ్యా, మీ అన్నయ్య. సంచిలో ఉన్నాడు. రా, లేపి చూపిస్తా. నీకంటే నీ బుట్టలో బంతిపూలు నయం, ఇంకా వాడలేదు."

టార్చి పట్టుకుని ముందు ఆవిడ. పది అడుగుల వెనక అతను.

గట్టంతా మంచు. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. తిన్నె మీద మాత్రం… నిలువునా, తెల్లగా… మొహం లేదు.

"ఏవండీ."

ఉలుకు లేదు.

"ఏవండీ, మిమ్మల్నే!" భుజం ఎక్కడుందో తడిమి కుదిపింది. మంచుకి తడిసిన సంచి చేతికి చల్లగా తగిలింది. లోపలి మనిషి దుంగలా ఇటు దొర్లి, మళ్ళీ అటు దొర్లాడు.

అప్పుడు పోయింది సత్యవాణి నవ్వు.

జిప్పు వెతికింది. దొరకలేదు. తాడు ముడి లోపలి పక్కకి ఉంది. ముక్కూ నోరూ మూసుకుపోయి, ఊపిరాడక… ఎంతసేపయిందో…

"వదినా," దూరం నుంచే గొణిగాడు దొరబాబు. "చెవిలో పిలువు. మూడుసార్లు. పేరు పెట్టి… అయినవాళ్ళే పిలవాలి."

పేరు! పందొమ్మిదేళ్ళ కాపరంలో ఆ పేరు ఆవిడ నోట రాలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందన్నారు పెద్దవాళ్ళు. తగ్గడానికి ఇంకేం మిగిలింది?

వంగింది. చెవి ఉండవలసిన చోట నోరు పెట్టింది.

"అమ్మిరాజూ…"

కాలవలో నీళ్ళ చప్పుడు.

"అమ్మిరాజూ…"

అప్పటిదాకా మెత్తగా ఉన్న భుజం — ఆవిడ చెయ్యి కింద కొయ్యబారిపోయింది.

మూడోసారీ పలక్కపోతే ఇక ఆశ లేనట్టే. అయినా పిలిచింది.

"అమ్మిరాజూ!"

పలకలేదు.

వెనకాల దొరబాబు చేతులు జోడించేశాడు.

సత్యవాణి తిన్నె పక్కన కూలబడింది. ఏడుపు రావలసిన చోట తిట్లు వచ్చాయి. "పాడె కూడా అక్కర్లేకుండా నీకు నువ్వే కట్టుకుని పడుకున్నావు కదయ్యా! ఇంట్లో దుప్పటి నీకు ఆనలేదు! కందబచ్చలిలో ఉప్పు చాల్లేదని రాత్రి మొహం తిప్పావు, ఇప్పుడా మొహం కూడా దాచేశావు…"

సంచి దిగ్గున లేచి కూర్చుంది.

కాలవలో దబ్బుమని చప్పుడు. దొరబాబు.

"సత్యం! నువ్వా!" అని అరిచింది సంచి. "నువ్వయితే మూడోసారి పిలవొద్దుటే! దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది, మూడోది వస్తే పలుకుదామని ఊపిరి బిగబట్టుకుని చచ్చాను!"

"మూడుసార్లే పిలిచాను."

"రెండే! లెక్కపెట్టాను."

మొదటి పిలుపుకి ఆయనకి మెలకువ వచ్చింది. అది లెక్కలోకి రాలేదు. పైగా ఆ పేరు పెట్టి పిలిచే ఆడమనిషి ఆయనకి ఒక్క తల్లే. ఆవిడనీ మూడేళ్ళ కిందట ఆ తిన్నె మీదే దింపారు.

జిప్పు ఊడి మనిషి బయటపడ్డాడు. చుక్క తగలదన్నాడే — తల నుంచి కాళ్ళ దాకా చెమటతో తడిసి ముద్దయిపోయి ఉన్నాడు. ఆ చలిలో ఆయన ఒంటి నుంచి ఆవిరి లేచింది. సత్యవాణి ఆ మొహాన్ని రెండు చేతులా పట్టుకుని చూసింది. ఆ తరవాతే దొరబాబుకి చెయ్యి అందించింది.

తెల్లారి లారీ వచ్చింది, అంట్లు వెళ్ళిపోయాయి. సత్యవాణి ఇంటికొచ్చి కత్తిపీట ముందేసుకుంది. "అయ్యయ్యో, కొత్త సరుకే!" అని ఆయన చుట్టూ తిరుగుతున్నా వినిపించుకోకుండా, సంచి టోపీని తాడుతో సహా తెగ్గోసి పారేసింది. తరవాత సూదీ దారం తీసి, దూది బయటికి రాకుండా అంచు మడిచి, మధ్యాహ్నం దాకా కూర్చుని కుట్టింది.