ఆల్డర్‌విక్ ఆరో గంట

ఏటా అక్టోబరులో ఒక శనివారం హెస్టర్ లంబ్ తన గంటల జట్టును వెంటేసుకుని ఊళ్ళు తిరుగుతుంది. ఏ ఊరికెళ్తే ఆ ఊరి చర్చి గంటలు కాసేపు మోగించడం, అక్కడి బీరు రుచి చూడడం, దారిలో పాత కట్టడాలేవైనా ఉంటే చూడడం, ఇదీ వాళ్ళ యాత్ర. ఈసారి పొద్దున పాడుబడ్డ మఠం చూశారు. మధ్యాహ్నం కొండమీద కూలిన కోటగోడపై కూర్చుని, తెచ్చుకున్న రొట్టెలు తిన్నారు. నాలుగింటికి ఆల్డర్‌విక్ చర్చి గోపురం ఎక్కారు.

హెస్టర్‌కి అరవై ఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపింది. ఒక్కరోజు కూడా ఆలస్యంగా డ్యూటీ ఎక్కలేదు. గోపురంలోనూ అంతే ఖచ్చితం. పని అయ్యాక గంటను దించకుండా మెట్లు దిగేవాడు మనిషే కాదంటుంది.

గోపురం మధ్య గదిలో కొవ్వొత్తి మసి వాసన, చెమ్మ వాసన. పైకప్పు చెక్కల్లోని ఆరు రంధ్రాల్లోంచి ఆరు తాళ్ళు వేలాడుతున్నాయి.

"ఆరు తాళ్ళు, ఆరుగురం. అతికినట్టు సరిపోయాం," అంటూ కాలిన్ చివరి తాడు మీద చెయ్యి వెయ్యబోయాడు.

"చెయ్యి తియ్!" హెస్టర్ అరిచింది.

కాలిన్ ఉలిక్కిపడ్డాడు. "ఏంటి కెప్టెన్, కరుస్తుందా?"

"కరవదు, మింగుతుంది. తాడుకు చుట్టిన ఆ ఉన్ని పట్టు, మనం చేత్తో పట్టుకునేది, ఎంత ఎత్తులో ఉందో చూడు. మిగతా ఐదింటికంటే మూరెడు పైన లేదూ? ఆ గంట నిలబడి ఉంది."

అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. మామూలుగా గంట నోరు కిందికి పెట్టి వేలాడుతుంది. మోగించేవాళ్ళు ఊపి ఊపి దాన్ని తిరగేసి, నోరు ఆకాశానికి పెట్టి నిలబెడతారు. పని అయ్యాక ఊపు తగ్గిస్తూ మళ్ళీ నోరు కిందికి తేవడమే దించడం. అలా నిలబడ్డ గంట తాడు కాస్త కదిపితే చాలు, తిరగబడుతుంది. టన్ను బరువు. తెలియనివాళ్ళు తాడు వదలకపోతే పైకప్పుదాకా ఎగరేసుకుపోతుంది.

తాళాలు తెచ్చిన ముసలాయన, ఏమస్ ట్రాంటర్, గుమ్మం దాటి లోపలికి రాలేదు. "ఐదింటితో సరిపెట్టుకోండమ్మా. ఆరోదాని జోలికి పోకండి," అన్నాడు.

ఐదు గంటలూ మోగించారు. దించారు. తాళ్ళు చుట్టలు చుట్టి కట్టేశారు. జట్టు బీరు కోసం దిగిపోయింది. హెస్టర్ మాత్రం కదల్లేదు.

"పెద్దాయనా, దీన్నెవరు నిలబెట్టి పోయారు?"

"ఆంబ్రోస్ లెకీ. మా పాత కెప్టెన్. నాకప్పుడు పదహారేళ్ళు. తాగడానికి తొందరై దించకుండా పోయాడు. తెల్లారి గది ఊడవడానికి వచ్చిన వినీ సేల్ తాడు పక్కకి జరిపింది..." ఏమస్ మొదటిసారి గుమ్మం దాటి, తల ఎత్తి పైకప్పు వంక చూశాడు. ఆరో రంధ్రం పక్కన చెక్క పగిలి ఉంది. "ఆమే తెలివితక్కువగా లాగిందని కాగితాల మీద రాశారు. కెప్టెన్ మీద మాట రాకూడదు కదా. ఊరంతా ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను."

"తర్వాతైనా దించలేదా?"

"దించాం. మర్నాటికి నిలబడి ఉంది. తాడు విప్పి పడేశాం. మర్నాటికి కట్టి ఉంది." అతని గొంతు తగ్గిపోయింది. "అంత గంటను లేపాలంటే ఎంతసేపు మోగాలో మీకు తెలుసు కదమ్మా. ఊళ్ళో ఒక్కరికీ... ఒక్క మోత కూడా వినపడలేదు."

"రేపు జనాన్ని గోపురం ఎక్కిస్తున్నారట. కింద తలుపు మీద రాసి ఉంది."

"చర్చి కమిటీ వాళ్ళ పని. నేను చెప్తే నవ్వారు. ముట్టుకోవద్దని అట్ట కడతాలెండి."

"అట్ట కట్టి చేతులు దులుపుకుంటారా? అప్పుడూ ఊరుకున్నారు, ఇప్పుడూ ఊరుకుంటారన్నమాట. రేపు ఇంకో వినీ వస్తే?"

హెస్టర్ కోటు విప్పి మేకుకు తగిలించింది. ఆరో తాడు ముందుకు వచ్చి నిలబడింది.

గంట తాడు పట్టే ప్రతివాడికీ మొదట నేర్పే పాఠం ఒకటే. తేడా వస్తే తాడు వదిలెయ్. ఆమె ఆ మాట మనసులో ఒకసారి అనుకుంది. లాగింది.

ఢాం...

గోపురం కంపించింది. తాడు పాములా పైకి పాకింది. ఆ మోత ఇంకా చెవుల్లో ఉండగానే, తలమీద...

ధబ్.

మెత్తటిదేదో చెక్కకు కొట్టుకున్న చప్పుడు. ధూళి రాలి ఆమె భుజం మీద పడింది. పైకి చూసింది. ఏమీ లేదు. చెక్కలు, రంధ్రం, తాడు. అంతే. కానీ గదిలోకి కొత్త వాసన వచ్చింది. సబ్బునీళ్ళతో అప్పుడే తుడిచిన నేల వాసన.

ఢాం... ధబ్.

ఢాం... ధబ్.

"వదిలెయ్యమ్మా," ఏమస్ గుసగుసలాడాడు. "వినీ వచ్చేసింది..."

తాడు దిగి చేతిలోకి వచ్చింది. ఉన్ని తడిగా ఉంది. వెచ్చగా ఉంది. మరుక్షణం పైనుంచి ఎవరో లాగారు. గంట లాగే తీరు కాదది. గంటకు కోపం ఉండదు. హెస్టర్ మడమలు నేల విడిచాయి.

వదిలేసింది.

తాడు గాల్లో కొరడాలా తిరిగింది. ఏమస్ గోడకు అతుక్కుపోయాడు. ఆమె బెదరలేదు. తాడు పైకి పోయి, ఆగి, దిగేదాకా చూసింది. సరిగ్గా అందే క్షణాన మళ్ళీ పట్టుకుంది.

"లాగేది నువ్వేగా, ఆంబ్రోస్ లెకీ? నా చేతులు నేననుకుంటేనే తెరుచుకుంటాయి," అంది పైకి చూస్తూ. "నువ్వు ఎగ్గొట్టిన పని నేను చేస్తున్నా. సిగ్గుంటే అడ్డం రాకు."

ఢాం... ధబ్.

"తప్పు వినీది కాదు. ఏం పెద్దాయనా, నోరు పడిపోయిందా? మీరూ అనండి!"

"నేను..."

"అనండి!"

"తప్పు... వినీది కాదు." ఏమస్ గోడ వదిలాడు. ఈసారి గట్టిగా అరిచాడు. "వినీది కాదు! ఆంబ్రోస్‌ది! మా అందరిదీ!"

ఢాం...

చెక్క మీద చప్పుడు రాలేదు.

ఊపు తగ్గింది. హెస్టర్ ఒక్కొక్క మూరా తాడు కూడదీసుకుంటూ దించింది. మోత చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. ఆగింది. ఉన్ని పట్టు మూరెడు కిందికి వచ్చి నిలిచింది. ఆమె చొక్కా వీపుకు అంటుకుపోయింది. అరచేతుల తోలు లేచిపోయింది.

"దిగింది," అంది.

ఏమస్ ఏడుస్తున్నాడు. ఏడుస్తూ ఏడుస్తూ హఠాత్తుగా ఆగాడు. చెయ్యెత్తి ఆమె వెనక్కి చూపించాడు.

హెస్టర్ తిరిగి చూసింది.

జట్టు చుట్టి కట్టిన ఐదు తాళ్ళూ విడిపోయి ఉన్నాయి. ఐదు పట్లూ మూరెడు పైకి లేచి ఉన్నాయి. మొదటి తాడును ఒక్క వేలితో తాకింది. అవతల బరువు లేదు. అంచున నిలబడి ఊపిరి బిగబట్టినట్టు సన్నటి వణుకు.

నిలబడి ఉంది. ఐదూ నిలబడి ఉన్నాయి. ఒక్క మోత కూడా వినపడకుండా.

"పోదాం పదమ్మా... మీ కాళ్ళు పట్టుకుంటా..."

"రేపు జనం వస్తారు," అంది హెస్టర్. జేబురుమాలు చింపి అరచేతులకు కట్టుకుంది. పళ్ళతో ముడి బిగించింది. "ఒకటి దించినదాన్ని ఐదు దించలేనా?"

మొదటి తాడు అందుకుంది. ఇంకా లాగలేదు.

ధబ్.

తలమీద. తర్వాత కుడివైపు. తర్వాత ఎడమవైపు. కిటికీ పక్కన. గుమ్మం మీద. ఐదు తాళ్ళ పైన, ఐదు చోట్ల, ఒకదాని వెనక ఒకటి.

ఏమస్ పైకప్పు వంక చూస్తూ వేళ్ళతో లెక్కపెట్టాడు.

"చచ్చిపోయింది... వినీ ఒక్కతే కదమ్మా?"

హెస్టర్ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. లాగింది.